జీపు ఎత్తు పెంచుటకు ముందు
ప్రొపెల్లరు షాఫ్టును గూర్చి తెలిసికొనవలసిన సంగతులు

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతులను, వాహన యజమానులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము పూర్వపు కృష్ణా జిల్లాకు మెట్టసీమ. 2022 ఏప్రిలు నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచట ఒకవైపు సున్నపురాతి గనులును, సిమెంటు కర్మాగారములును ఉన్నవి. మరియొకవైపు పత్తియు, మిరపయు పండు నల్లరేగడి చేలు ఉన్నవి. నడుమ హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి సాగుచున్నది. రహదారి దిగి పొలముబాట పట్టితిమా, వానకాలమందు రేగడి బంక చక్రములను పట్టి వదలదు. కావుననే నాలుగు చక్రములకును శక్తి అందు జీపులు, చిన్న ట్రక్కులు మనకు ఆటవస్తువులు కావు, పనిముట్లు. కూలీలను చేర్చుటకు, ఎరువుబస్తాలు మోయుటకు, మిరపకాయ బస్తాలను కల్లమునుండి రోడ్డుకు తెచ్చుటకు అవి అక్కరకు వచ్చుచున్నవి.

మన దేశమున 1940వ దశకపు చివర మహీంద్రా సంస్థవారు విల్లీస్ జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో బిగించుట ఆరంభించిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైన పిదప బ్లాకు అధికారుల జీపు అనేక గ్రామములు చూచిన మొదటి మోటారు వాహనమైనది. నాటి జీపు రూపురేఖలు నేటికిని అనేక వాహనములలో నిలిచియున్నవి. పాతబడిన జీపును తక్కువ వెలకు కొని, విజయవాడ ఆటోనగరులోనో స్థానికపు షెడ్డులోనో మరమ్మతు చేయించి, పొలముపనికి వాడుకొనువారు మనలో ఎందరో కలరు.

ఇట్టివారిలో కొందరికి ఒక కోరిక పుట్టుచున్నది. బండి ఎత్తు నాలుగంగుళములు పెంచినచో బురదలో దిగబడదనియు, వాగులు దాటవచ్చుననియు వారి తలంపు. ఖర్చు కలిసివచ్చునని కమాను కట్టలో ఒక పట్టీ ఎక్కువ వేయించుటయో, పొడవైన షాకిళ్ళు బిగించుటయో, ఇరుసునకును కట్టకును నడుమ ఇనుపదిమ్మె పెట్టించుటయో చేయుదురు. ఒక పూటలో పని ముగియును. బండి ఠీవిగా నిలుచును. కాని ఆ బండి క్రింద పడుకొని చూచినవారికి వేరొక సంగతి కనబడును. గేరుపెట్టెనుండి ఇరుసునకు శక్తిని చేర్చు ప్రొపెల్లరు షాఫ్టు మునుపటికంటె ఎక్కువగా వాలియుండును. నేటి ప్రసంగమునకు ఆ వాలుడే విషయము.

ఎత్తు పెంచిన లాభమెంత?

మొదట లాభమును లెక్కించి చూతము. బండి అడుగున నేలకు మిక్కిలి దగ్గరగా ఉండునది ఏది? ఇరుసు నడుమనున్న క్రౌను, పినియను గల గుండ్రని పెట్టె. రేగడిబాటలో రెండు చాళ్ళ నడుమ మిట్టకు తగిలి బండిని ఆపునది ఎక్కువభాగము అదియే. కమాను కట్టలను ఎంత పెంచినను, చట్రము పైకి లేచునే గాని ఆ పెట్టె అంగుళమైనను లేవదు. ఇరుసు చక్రములమీద నిలిచియున్నది గదా! ఆ పెట్టె ఎత్తు పెరుగవలెనన్న చక్రమే పెద్దది కావలెను. టైరు వ్యాసము 5 సెంటీమీటర్లు పెరిగిన ఇరుసు 2.5 సెంటీమీటర్లు లేచును.

కావున కట్టలు పెంచుటవలన కలుగు లాభము మూడు విధములు మాత్రమే. చట్రము అడుగుభాగము మిట్టలకు తగులదు. గట్టు ఎక్కునపుడు ముందుభాగము నేలకు తగులదు. పెద్ద టైరుకు చోటు దొరుకును. ఈ మూడింటిలో ఏదియు మనకు అవసరము కానిచో, ఆ ఖర్చు చూపుకొరకు చేసిన ఖర్చే.

ఎత్తు పెంచుటలో మూడు మార్గములున్నవని గుర్తుంచుకొనవలెను. పెద్ద టైర్లు వేసిన బండి అంతయు ఒక్కటిగా లేచును గనుక షాఫ్టు వాలులో మార్పుండదు. చట్రమునకును పైతొడుగునకును నడుమ దిమ్మెలు పెట్టిన తొడుగు మాత్రమే లేచును, అప్పుడును షాఫ్టు వాలు మారదు. కట్టలను పెంచినప్పుడు మాత్రము చట్రముతోబాటు ఇంజనును, గేరుపెట్టెయు పైకి పోవును, ఇరుసు క్రిందనే నిలుచును. ఆ రెండింటిని కలుపునది ప్రొపెల్లరు షాఫ్టు. భారమంతయు దానిమీద పడును. నాలుగు చక్రముల బండిలో ఇట్టి షాఫ్టులు రెండు: ముందు ఇరుసునకు ఒకటి, వెనుక ఇరుసునకు ఒకటి.

జాయింటు చేయు పని

షాఫ్టు రెండుకొనలయందును క్రాసు గల జాయింట్లు ఉండును. వంగిన స్థితిలోనే త్రిప్పగలుగుట దీని గొప్పదనము. ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. 16వ శతాబ్దమునకు చెందిన ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దమునకు చెందిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరును దీనికి పెట్టి పిలుచుచున్నారు. మోటారు వాహనములకు దీనిని చక్కగా అమర్చి 1903లో అమెరికాలో పేటెంటు పొందినవాడు క్లారెన్స్ స్పైసర్.

ఈ జాయింటులో ఒక లోపమున్నది. ఇవతల కొన ఒకే వేగముతో తిరుగుచున్నను, వంగియున్నప్పుడు అవతలి కొన ఒకే వేగముతో తిరుగదు. ఒక్క చుట్టులో రెండుమార్లు వేగము హెచ్చును, రెండుమార్లు తగ్గును. వంపు 10 డిగ్రీలైన ఈ హెచ్చుతగ్గు ఇటు నూటికి ఒకటిన్నర, అటు ఒకటిన్నర. 20 డిగ్రీలైన నూటికి 6 చొప్పున. 30 డిగ్రీలైన తగ్గుదల నూటికి 13, పెరుగుదల నూటికి 15 దాటును. కుదుపు కోణముతో సమముగా పెరుగుట లేదు. కోణము రెట్టింపైన కుదుపు ఇంచుమించు నాలుగురెట్లగును. ఇది మరువరాని సూత్రము.

ఆ కుదుపు ఎన్నిమార్లు కలుగునో చూడుడు. టైరు వ్యాసము 70 సెంటీమీటర్లనుకొందము. ఒక చుట్టుకు బండి సుమారు 2.2 మీటర్లు పోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు సుమారు 455 చుట్లు తిరుగును. ఇరుసులోని పళ్ళచక్రముల నిష్పత్తి నాలుగున్నర అయినచో షాఫ్టు నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగును. చుట్టునకు రెండు కుదుపులు గనుక నిమిషమునకు నాలుగువేలు. ఇన్ని దెబ్బలు క్రాసు సూదులమీదను, గేరుపెట్టె బేరింగులమీదను, పినియను పళ్ళమీదను పడుచుండును. బండి ఎత్తు పెంచిన కొన్ని నెలలకు గేరుపెట్టెనుండి నూనె కారుట, క్రాసులు మాటిమాటికి పోవుట ఇందువలననే.

అట్లైన మొదటినుండియు జీపులెట్లు నడచుచున్నవని మీరు అడుగవచ్చును. రెండవ జాయింటు మొదటిదాని లోపమును సరిచేయును. అయితే దానికి మూడు నియమములు కలవు. రెండు కొనల కోణములును సమముగా ఉండవలెను, భేదము ఒక డిగ్రీకి మించరాదు. ఆ కోణములు ఒకే తలములో ఉండవలెను. షాఫ్టు రెండు కొనల కవ్వపు చెవులు ఒకే వరుసలో నిలువవలెను. ఈ మూడింటిలో ఒకటి తప్పినను దిద్దుబాటు జరుగదు. నడుమనున్న షాఫ్టు మాత్రము అన్ని నియమములు పాటించినను హెచ్చుతగ్గులతోనే తిరుగును. అందువలననే కోణము సమముగా ఉండుట చాలదు, చిన్నదిగా కూడ ఉండవలెను.

జాయింట్ల తయారీదారుల సూచన ప్రకారము షాఫ్టు నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు కోణము సుమారు 6 డిగ్రీలకును, 2000 చుట్లకు సుమారు 8½ డిగ్రీలకును, 1500 చుట్లకు సుమారు 11½ డిగ్రీలకును మించకుండుట మంచిది. అసలు కోణమే లేకుండుటయు తగదు. అర డిగ్రీయైనను వంపు లేనిచో క్రాసులోని సూదులు దొరలక, ఒకేచోట ఒత్తుకొని గుంటలు చేయును.

పొట్టి జీపు, పొడవు ట్రక్కు

ఎత్తు ఒకటే అయినను ఫలితము అన్ని బండ్లకు ఒకటి కాదు. లెక్క చూడుడు. ఒక పొట్టి జీపులో రెండు జాయింట్ల నడుమ అడ్డదూరము 75 సెంటీమీటర్లు, దించుడు 8 సెంటీమీటర్లు అనుకొందము. గేరుపెట్టె షాఫ్టును, పినియను షాఫ్టును నేలకు సమాంతరముగా ఉన్నవనుకొన్న కోణము సుమారు 6 డిగ్రీలు. దానిని 5 సెంటీమీటర్లు, అనగా రెండంగుళములు లేపిన కోణము దాదాపు 10 డిగ్రీలగును. 10 సెంటీమీటర్లు లేపిన పదమూడున్నర డిగ్రీలగును. కోణము రెట్టింపునకు కొంచెము పైబడినది, కుదుపు దాదాపు ఐదురెట్లైనది. ఇప్పుడు 60 కిలోమీటర్ల వేగము కాదు, 45 కిలోమీటర్ల వేగము కూడ ఆ జాయింటునకు ఎక్కువే.

అదే పొడవైన ట్రక్కులో అడ్డదూరము 150 సెంటీమీటర్లు, దించుడు అదే 8 సెంటీమీటర్లు అయిన కోణము 3 డిగ్రీలు. 10 సెంటీమీటర్లు లేపినను 7 డిగ్రీల లోపలనే యుండును. కనుక పొరుగువాని పొడవు ట్రక్కు నాలుగంగుళములు లేచి సుఖముగా తిరుగుచున్నదని చూచి మన పొట్టి జీపును అంతే లేపుట తగదు. జీపులో మిక్కిలి పొట్టియైన షాఫ్టు ఏదో అదియే మనకు హద్దు.

షాఫ్టు పొడవు సంగతి

వాలు పెరిగిన షాఫ్టు పొడవుకూడ పెరుగవలెను. అందులకే షాఫ్టులో ఒకదానిలో ఒకటి జారు పళ్ళగొట్టము అమర్చియుందురు. పైన చెప్పిన పొట్టి జీపులో 10 సెంటీమీటర్లు లేపిన షాఫ్టు 1.7 సెంటీమీటర్లు సాగవలెను. ఇది స్వల్పమే. కాని చదునైన నేలమీద కొలిచి తృప్తిపడరాదు. గట్టు దాటునపుడు ఒక చక్రము గోతిలోనికి వ్రేలాడును. ఇరుసు మరి 10 సెంటీమీటర్లు దిగెననుకొనుడు. అప్పుడు కోణము 20 డిగ్రీలు దాటును. షాఫ్టు మొదటి కొలతకంటె 4.6 సెంటీమీటర్లు సాగవలెను. పళ్ళు అంతవరకు లేనిచో రెండు ముక్కలును ఊడివచ్చును. ఊడకపోయినను, రెండు మూడు పళ్ళమీదనే భారము నిలిచి అవి విరుగును.

పరీక్షించు పద్ధతి సులభము. బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు అడ్డుకట్టలు పెట్టి, చట్రమును జాకీతో లేపి, గట్టి స్టాండులమీద నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద దూరుట ప్రాణాపాయము. ఇరుసు పూర్తిగా వ్రేలాడునట్లు వదలి, గేరును న్యూట్రలులో ఉంచి, షాఫ్టును చేతితో పూర్తిగా ఒక చుట్టు త్రిప్పి చూడవలెను. ఎక్కడైన పట్టినట్లు తోచిన, కవ్వపు చెవులు ఒకదానికొకటి తగులుచున్నవని అర్థము. ఆ తగులు చక్రము గోతిలో ఉండి ఇంజను పూర్తిబలముతో లాగునపుడు సంభవించిన క్రాసు విరుగుట తథ్యము. పళ్ళగొట్టముమీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, దించినప్పుడును లేపినప్పుడును ఎంత జారినదో కొలిచికొనుడు. అట్లే కమాను పూర్తిగా అణగినప్పుడు గొట్టము లోపలి కొనకు తగులకుండ చోటు మిగిలియుండవలెను. తగిలినచో షాఫ్టు గేరుపెట్టెను ముందుకు నెట్టి బేరింగులను చెరచును.

కోణమును కొలుచుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసికొని, దాని కేంద్రమునకు దారము కట్టి, దారమునకు ఒక నట్టును వ్రేలాడదీసిన చాలును. మొదట గేరుపెట్టె కొనను, తరువాత షాఫ్టును, పిదప పినియను కొనను కొలిచి వ్రాసికొనుడు. ప్రక్కప్రక్క సంఖ్యల భేదమే జాయింటు కోణము. నేటి చేతిఫోనులలోను వాలు కొలుచు సదుపాయము కలదు. ఎత్తు పెంచకముందు ఒకమారు, పెంచిన పిదప ఒకమారు కొలుచుట తప్పనిసరి. మునుపటి అంకె లేనిచో తరువాతి అంకెకు విలువ లేదు.

చవుకగా చేయు పనులలో ఏది మేలు?

పొడవైన షాకిళ్ళు అన్నిటికంటె చవుక. కాని షాకిలు రెండంగుళములు పెరిగిన బండి సుమారు ఒక అంగుళమే లేచును. పైగా షాకిలు కట్ట ఒక కొననే ఉండుటచేత ఇరుసు తన అక్షముమీద కొంత తిరిగి, పినియను కోణము మారును. ముందు ఇరుసునకైన స్టీరింగు నిలకడ కూడ చెడవచ్చును. వేగమున బండి అటునిటు పోవుటకు ఇది ఒక కారణము.

ఇరుసునకును కట్టకును నడుమ దిమ్మె పెట్టుట రెండవ మార్గము. ముందు ఇరుసునకు ఇది ఎన్నడును కూడదు. బ్రేకు వేసినప్పుడు దిమ్మె దొర్లి జారుటకు అవకాశము కలదు. వెనుక ఇరుసునకు పెట్టినను, ఒకదానిమీద ఒకటిగా దిమ్మెలను పేర్చరాదు. యూ-బోల్టులు క్రొత్తవి, తగిన పొడవుగలవి వేయవలెను.

కట్ట పట్టీలను సరిగా వంచి, అరిగినవానిని మార్చి, పూర్వపు ఎత్తును తిరిగి తెచ్చుట మూడవది. చాలకాలము భారము మోసిన బండి కట్టలు కుంగి, రెండంగుళముల ఎత్తు పోగొట్టుకొనియుండుట కద్దు. దానిని తిరిగి రాబట్టుట ఎత్తు పెంచుట కాదు, మరమ్మతు. ఇందువలన షాఫ్టు తయారీదారు పెట్టిన కోణమునకే వచ్చును. తక్కువ ఖర్చులో మేలైన పని ఇదియే.

ఇవి కాక ఎత్తు మరింత కావలెనన్న, షాఫ్టు దోషమును తీర్చుటకును డబ్బు కేటాయించవలెను. కట్టకును ఇరుసు మెట్టకును నడుమ ఉక్కు సీలచెక్కను వేసి పినియను కోణమును సరిచేయవచ్చును. మెత్తని లోహపు చెక్క పగులును గనుక వాడరాదు. గేరుపెట్టె అడ్డదూలమును చట్రమునుండి అంగుళము దించి కోణమును తగ్గించుట ఇంకొక ఉపాయము. కాని అంతమేర బండి అడుగు మరల నేలకు దగ్గరగును. ఇంజను వెనుకకు వాలుటచే రేడియేటరు ఫ్యాను, సైలెన్సరు గొట్టము ఎక్కడైన తగులునేమో చూడవలెను. గేరుపెట్టె కొనలో జంటజాయింటు అమర్చుట మేలైన పద్ధతి. అప్పుడు పినియను షాఫ్టువైపు సూటిగా చూచునట్లు త్రిప్పవలెను. పాత పద్ధతిలో ఉన్న సమాంతర నియమము దీనికి వర్తింపదు. ఖర్చు మాత్రము హెచ్చు.

షాఫ్టు పొడిగించవలసివచ్చిన, రోడ్డుప్రక్క వెల్డింగుతో అతికించి సంతృప్తిపడరాదు. గొట్టము సూటిగా నిలిచినదో లేదో లేతుమీద చూచి, త్రిప్పి తూకము సరిచూచు యంత్రముగల షెడ్డులోనే చేయించవలెను. నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగు వస్తువులో కొద్ది బరువు ఒక ప్రక్కకు ఎక్కువైనను బండి అంతయు వణకును. మరమ్మతులో రెండు ముక్కలను విడదీసి మరల కూర్చునపుడు చెవుల వరుస తప్పకుండ ముందుగనే గుర్తు పెట్టుకొనుడు. ఒక్క పన్ను అటునిటైనను మొదటి జాయింటు కుదుపును రెండవది ఆపదు.

2020లో వచ్చిన థారు వంటి వాహనములలో ముందు చక్రములు ఒకే ఇరుసునకు బిగించియుండవు. ప్రతి చక్రమునకు వేరుగా ఊగు ఏర్పాటు కలదు. అచట ఎత్తు పెంచిన ముందు చక్రములకు పోవు చిన్న షాఫ్టుల కోణము పెరిగి, వాని రబ్బరు తొడుగులు చిరిగి, బురద లోనికి చొచ్చును. తొడుగు చిరిగిన నాడే మార్చినచో ఖర్చు స్వల్పము. మరచినచో జాయింటు మొత్తము పోవును.

ప్రాణభయము ఎచటనున్నది?

ఖర్చుకంటె పెద్దమాట ఇప్పుడు చెప్పుచున్నాను. మిరప కోతల రోజులలో ఒక్క జీపులో ఎందరు కూలీలు ఎక్కుచున్నారో మీరెరుగుదురు. అట్టి బండి వెనుక షాఫ్టు ముందుకొన జాయింటు వేగముగా పోవునపుడు విరిగిన, ఆ కొన నేలకు పడి, రోడ్డులో గ్రుచ్చుకొని, బండిని వెనుకనుండి లేపివేయగలదు. ఎత్తు పెంచిన బండి గురుత్వకేంద్రము పైన ఉండుటచే మలుపులలో ముందే బోర్లపడు స్వభావము కలిగియుండును. రెండును కలిసిన ఫలితము చెప్పనక్కరలేదు. షాఫ్టు ముందుకొన చుట్టును చట్రమునకు ఒక గట్టి ఇనుపపట్టీ కట్టు వేయించుడు. జాయింటు విరిగినను షాఫ్టు నేలకు పడదు. దీని ఖర్చు మిగిలిన పని ఖర్చులో అతిస్వల్పము.

బ్రేకు రబ్బరు గొట్టములు ఇరుసు వ్రేలాడినప్పుడు బిగియుచున్నవేమో చూడుడు. షాక్ అబ్జార్బర్ల పొడవు చాలుచున్నదో, స్టీరింగు కడ్డీ వాలు హెచ్చినదో పరిశీలించుడు. ఇవి సరిగా లేనిచో షాఫ్టు సరిగా ఉండియు ప్రయోజనము లేదు.

వాగు దాటు విషయమునను భ్రమ కూడదు. 2023 జూలై చివర మున్నేటి వరద నందిగామ చేరువ ఐతవరము వద్ద జాతీయ రహదారిమీదనే పారి రాకపోకలను ఆపినది. 2024 సెప్టెంబరు ఆరంభమున పాలేటి వరదకు గరికపాడు వద్ద వంతెన దెబ్బతిన్నది. రెండడుగుల లోతున వేగముగా పారు నీరు పెద్ద బండ్లనుకూడ తోసికొనిపోగలదు. జీపును నాలుగంగుళములు లేపి దానితో వరదను ఎదిరించుట సాహసము కాదు, అవివేకము. నీటిలో నడచి వచ్చిన బండికి, అది చిన్న కాలువయే యైనను, క్రాసులన్నింటికి క్రొత్త గ్రీజు పట్టించుడు. పాత గ్రీజుతోబాటు నీరు బయటికి వచ్చువరకు కొట్టవలెను.

చట్టము మాట

వాహన యజమానులు చట్టమును తెలిసికొనుట అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ నియమమును దృఢపరచినది. 2019లో జరిగిన సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానాయో, ఆరునెలలవరకు జైలుశిక్షయో, రెండునో విధింపవచ్చును. కావున కట్టలు తాకకముందే రవాణా కార్యాలయమునకు పోయి, ఏది అనుమతింపబడునో వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. ప్రమాదము జరిగిన పిదప బీమావారు అడుగు మొదటి ప్రశ్నలలో ఇదియు నొకటి కావచ్చును.

ట్రాక్టరు షాఫ్టునకు ఇదే నీతి

జీపు లేనివారు ఈ ప్రసంగము తమకు కాదనుకొనరాదు. ట్రాక్టరు వెనుకనుండి రోటవేటరును, నూర్పిడి యంత్రమును త్రిప్పు షాఫ్టు ఇదే జాతికి చెందినది. మడి చివర మలుపులో రోటవేటరును పైకి లేపినపుడు గడగడమను శబ్దము వినబడుట మీకు అనుభవమే. కోణము హెచ్చి జాయింటు మూలుగుచున్నదన్నమాట. పూర్తిగా లేపుటకు ముందు షాఫ్టును ఆపుట మేలు. రెండు ముక్కలను కూర్చునపుడు చెవుల వరుస చూచుట ఇచటను తప్పనిసరి.

ఆ షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా క్షణమునకు 9 చుట్లు తిరుగును. దాని చుట్టుకొలత 20 సెంటీమీటర్లైన, తగిలిన గుడ్డను క్షణమునకు 1.8 మీటర్ల చొప్పున చుట్టుకొనును. తువ్వాలు చివరగాని, చీర కొంగుగాని, జడగాని చిక్కిన మనిషి చేయి విదిలించుకొనులోపల లోనికి పోవును. గ్రీజు పట్టించుటకు అడ్డమని పైనున్న ప్లాస్టికు తొడుగును తీసి పారవేయుట మహాపరాధము. తొడుగు విరిగిన యంత్రమువద్దకు స్త్రీలను, పిల్లలను రానీయరాదు. తొడుగు వచ్చువరకు ఆ యంత్రమును ఆపుడు.

సోదరులారా! చెప్పినదంతయు కొలది మాటలలో కూర్చుచున్నాను. మొదట కుంగిన కట్టలను బాగుచేసికొనుడు. తరువాత బురదకు తగిన టైర్లు, అనుమతించిన కొలతలోనివి, వేసికొనుడు. అప్పటికిని చాలకున్న, అనుమతి దొరికిన పిదపనే, పొట్టి జీపునకు రెండంగుళములు దాటకుండ లేపుకొనుడు. లేపుటకు ముందును వెనుకను కోణములను కొలుచుడు, ఇరుసును వ్రేలాడదీసి షాఫ్టును త్రిప్పి చూడుడు, షాఫ్టు క్రింద కట్టు వేయించుడు. ఎత్తు పెంచుటకు ఎంత వెచ్చింతురో అంతయు షాఫ్టునకును వెచ్చించు శక్తి లేనిచో ఎత్తు జోలికి పోకుండుటయే పొదుపు. బండి ఎంత ఎత్తుగా నిలిచినదని కాక, ఎక్కినవారిని ఎంత క్షేమముగా దించినదని ఊరు చూచును.